బొట్టు కింది పొర

ముందుగా నా తప్పులు మన్నించాలి. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ సరిగ్గా కుదరవు. ఒక పేజీ నింపడానికి ఒక పూట పడుతుంది. నలభై దాటాక పలక పట్టినదాన్ని. ఇందులో వరహాలు అంటే నేనే. "నేను" అని మొదలుపెడితే కలం ముందుకు పోవడం లేదు. పేరు పెట్టి రాస్తే ఎవరో పక్కవీధి మనిషి సంగతి చెబుతున్నట్టు సాగుతోంది. అందుకని అలాగే రాస్తాను.

శుక్రవారం పొద్దున్న తలంటుకుని రాగానే వరహాలు చేయాల్సిన మొదటి పని సవతికి బొట్టు పెట్టడం. సవతి అంటే బతికున్న మనిషి కాదు. భర్త జగ్గారావు మొదటి భార్య సూర్యకాంతం. పెళ్ళయిన కొన్నేళ్ళకే జ్వరమొచ్చి, పసుపు కుంకుమలతో పోయింది కాబట్టి ఆ ఇంటికి పూజలందుకునే పేరంటాలయింది. తూర్పు గోడ మీద నలుపు తెలుపు పటంలో ఉంటుంది. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు పటం అద్దం పగిలితే అత్త నారాయణమ్మ మళ్ళీ వేయించనివ్వలేదు. "పేరంటాలికి అద్దం అడ్డమేటే, గాలాడనీ" అంది. అప్పట్నుంచీ కుంకుమ నేరుగా కాగితం మీదే. వరహాలు ఉంగరం వేలితో అద్దుతుంటే అత్త వెనక నిలబడి చూసేది. "పెద్దది ఎట్టు. ఇంకా. కనుబొమ దాకా రావాల." దేవుడి పటాలకి కూడా అంత పెద్ద బొట్టు పెట్టరు. భక్తి ఎక్కువ అనుకుంది వరహాలు. సవతికి పెట్టాక వేలికి మిగిలిన కుంకుమే తను పెట్టుకోవాలి. అది ఆ ఇంటి పద్ధతి. ఇరవై ఏళ్ళు వరహాలు నుదుట ఉన్నది ఆ మిగులు.

జగ్గారావు ఫోటో స్టూడియో వన్ టౌన్‌లో, మార్కెట్ వెనక సందులో ఉండేది. పైన ఇల్లు, కింద స్టూడియో. ముందు గదిలో కెమెరా, తెర, కుర్చీ. వెనక ఫోటోలు కడిగే చీకటి గది. దాన్ని ఆనుకుని కిటికీ దగ్గర ఒక వాలు బల్ల. ఆ బల్ల వరహాలుది. నెగటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలూ మశూచి గుంటలూ కళ్ళ కింద నీడలూ పూడ్చాలి. దాన్ని టచింగ్ అంటారు. పెళ్ళిచూపులకి పంపే ఫోటోలకి అది లేకపోతే సంబంధాలు కుదరవు. వంటయ్యాక టచింగ్, టచింగయ్యాక వంట. ప్రింటు చేతికొచ్చాక జనం "జగ్గారావు సెయ్యి బంగారవు" అనేవాళ్ళు. "నాదేటుంది బావా, కెమెరా మంచిది" అనేవాడాయన వినయంగా. కిటికీ వైపు చూసేవాడు కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ప్రింటు ఎగరేసి పారేసి అనేవాడు: "పెద్దది సేత్తే టచింగ్ సేసినట్టే తెలిసీది కాదు. నువ్వు గోడకి సున్నం ఏసినట్టు ఏత్తావు. అచ్చరం ముక్క రాదు, ఇదైనా సరిగ్గా సెయ్యి." ఆ బల్ల దగ్గర తనకన్నా ముందు సూర్యకాంతం కూర్చునేదని వరహాలుకి అలా తెలిసింది. ఆ మాటకొస్తే సూర్యకాంతం గురించి ఆ ఇంట్లో ఏది తెలిసినా అలాగే తెలిసింది. పెద్దది ఎదురు చెప్పేది కాదు. పెద్దది పులుసులో ఉప్పు మరిచేది కాదు. పెద్దదానికి చీపురు చప్పుడయ్యేది కాదు. చచ్చిపోయిన మనిషి ఏ తప్పూ చెయ్యదు గనక వరహాలు ప్రతి రోజూ ఓడిపోయేది.

తొంభై తొమ్మిదిలో జగ్గారావు గుండె ఆగి పోయాడు. వరహాలు ఏడవాల్సినంత ఏడ్చింది. చెయ్యాల్సినవన్నీ చేశారు, తియ్యాల్సినవన్నీ తీశారు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం అత్త కుంకుమ భరిణె తీసుకెళ్ళి చిన్న కోడలు అనూరాధ చేతిలో పెట్టింది. "నీ సెయ్యి పడకూడదు గదే" అంది వరహాలుతో. కోపంగా కాదు, వేడి గిన్నె ముట్టుకోవద్దని పిల్లకి చెప్పినట్టు. వరహాలు సరేనని వంటింట్లోకి వెళ్ళింది.

స్టూడియో మరిది గురునాథరావు చేతికొచ్చింది. కంప్యూటర్ కొన్నాడు, స్కానర్ కొన్నాడు, వాటి దగ్గర కూర్చోడానికి సుధారాణి అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. "ఇంక సీకటి గదితో పని నేదొదినా" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ అమ్మాయి పక్కన కుర్చీలో వరహాలు కూర్చుని ఉంది. జీతం మాట వస్తే, "ఇంటి మనిసికి జీతవేటొదినా, ఎవలైనా వింటే నవ్వుతారు" అని తనే ముందు నవ్వాడు.

కంప్యూటర్ మెనూలో మాటలు ఇంగ్లీషులో ఉండేవి. వరహాలు వాటిని చదవలేదు, మొహాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. సుధారాణి ఊరుకోలేదు. "ఏటి పిన్నీ, ఫోటో కింద పేర్లు నాను కొట్టాల, తప్పు పోతే నీకు తెలీదు. ముందు తెలుగు నేర్సుకో" అని పలక తెచ్చింది. అలా ఫోటో కింద వేసే పేర్లతోనే అక్షరాలు వచ్చాయి. జననం, మరణం అనే రెండు మాటలు అమ్మ, ఆవు కన్నా ముందొచ్చాయి.

స్టూడియోకి చావు ఫోటోలే పెద్ద పని. సముద్రం మీద చేపల వేటకి పోయి తిరిగిరాని యారాడ మనిషికి ఫోటో కావాలంటే, ఎవరి పెళ్ళిలోనో పదిమందిలో నిలబడి తీయించుకున్నదే ఉంటుంది. దాంట్లోంచి తలని కత్తిరించి ఒక లేయర్‌లో పెడతారు. లేయర్ అంటే పొర. గాజు పలకల మీద బొమ్మలు వేసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. కింది పలకలో నీలం తెర, మధ్య పలకలో నల్ల కోటు, పై పలకలో తల. కోటు ఒకటే ఉండేది. వన్ టౌన్లో పోయిన మగాళ్ళందరూ ఒకే కోటు తొడుక్కుని సొర్గానికెళ్ళారు పిన్నీ, అక్కడ దేవుడు తికమక పడతాడు అని సుధారాణి నవ్వేది. వరహాలు కూడా నవ్వేది. ఒక్క విషయం దగ్గర మాత్రం ఆమెకి నవ్వొచ్చేది కాదు. మగవాడి ఫోటో అంటే జనం ఎక్కువగా తెచ్చేది జంటగా దిగిన ఫోటోయే. పక్కనున్న ఆడమనిషిని తీసెయ్యాలి. భుజం మీద ఆమె వేళ్ళు మిగిలితే అవీ తీసి, ఆమె వెనక దాగిన చొక్కా చేతిని కొత్తగా గియ్యాలి. అలా తీసేసిన ఆడవాళ్ళు బతికే ఉండేవాళ్ళు. కౌంటర్ అవతల నిలబడి, తాము పోవడం తెర మీద చూస్తూ, "మా ఆయన బాగా ఒచ్చినాడమ్మా" అనేవాళ్ళు.

రెండువేల మూడులో గురునాథరావు స్టూడియోకి కొత్త హంగులు చేయించి, కొత్త బోర్డు రాయించాడు. కౌంటర్ పైన పెట్టడానికి అన్నగారి పెద్ద ఫోటో కావాలన్నాడు. "ఒక్కడే కాదొదినా. అన్నయ్యా, పెద్దొదినా జంటగా. ఇద్దరి ఫోటోలూ ఏరేరుగా ఉన్నాయి, నువ్వు పక్క పక్కన కూకోబెట్టీ. పెద్దొదినకి ఎర్రగా బొట్టెట్టు." వరహాలు చెయ్యి ఆగింది. "బొట్టు నాను ఎట్టొచ్చా?" అంది. "కంప్యూటర్లోదే గదా, దోసం నేదు" అన్నాడు. మెట్ల మీద కూర్చున్న అత్త ఆ మాటలు విని, కోడలి మొహం చూసి, వరహాలు అడగని దానికి జవాబు చెప్పింది. "బతికున్నోలకి దండేత్తారేటే, పిచ్చి మొకవా!"

నిజమే, వెయ్యరు. వరహాలుకి ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. రెండు దశాబ్దాలు ఆయన నెగటివ్‌లకి కళ్ళు ధారపోసింది తను. ఆయన దగ్గుకి కషాయం కాచింది తను. ఆఖరి రోజున నోట్లో నీళ్ళు పోసింది తను. గోడెక్కేది మాత్రం కొన్నేళ్ళు కాపురం చేసి పోయిన మనిషి. పైగా ఆ మనిషిని ఆయన పక్కన కూర్చోబెట్టేది తన చేతులే. కోపం వస్తే బాగుండేది. రాలేదు. ఆకలి దాటిపోయాక అన్నం ముందు కూర్చున్నట్టుంది. ఒక్క కోరిక మాత్రం చిన్నగా, సిగ్గుగా ఉంది. మూడో పొర ఒకటి వేసి అందులో తనని పెట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలని. స్టూడియోలో ఎవరూ లేనప్పుడు పెట్టి చూసింది కూడా. ఆయనకి ఒక పక్క సూర్యకాంతం కోసం ఖాళీ, ఇంకో పక్క తను. బాగానే ఉంది. తనే తీసేసింది.

గోడ మీద పటం దింపి, చట్రంలోంచి కాగితం బయటికి తీసి, మెత్తటి కుంచెతో కుంకుమ పొడి దులిపింది. పొడి పోయింది, మరక పోలేదు. అన్ని శుక్రవారాల ఎరుపూ కాగితంలోకి ఇంకిపోయి ఉంది. నలుపు తెలుపు ఫోటోయే కదా అని స్కానర్‌లో గ్రేస్కేల్ నొక్కింది. తెర మీద సూర్యకాంతం నుదుట బొగ్గుతో పొడిచినట్టు నల్లటి గొయ్యి కనిపించింది.

"ఒలమ్మా, ఏటి సేసీసినావు పిన్నీ?" అంది సుధారాణి. "ఫోటో నలుపూ తెలుపే. దాని మీద పడింది నలుపూ తెలుపూ కాదు గదా! గ్రేస్కేల్‌కి ఎరుపు తెలీదు. దానికి అదీ నలుపే. రంగుల మోడ్‌లో సెయ్యాల."

మళ్ళీ రంగులో స్కాన్ చేశారు. ఈసారి మరక ఎర్రగానే ఉంది. రంగు బొమ్మ అంటే నిజానికి మూడు పొరలని సుధారాణి విప్పి చూపించింది. ఎరుపుకొకటి, పచ్చకొకటి, నీలానికొకటి. విడివిడిగా చూస్తే మూడూ నలుపు తెలుపు బొమ్మలే. నీలం పొర నొక్కితే బొట్టు మసిలా ఉంది. పచ్చదాంట్లోనూ అంతే. ఎరుపు పొర నొక్కేసరికి బొట్టు లేదు. తుడిచినట్టు కాదు, ఎప్పుడూ పెట్టనే లేదన్నట్టు. "ఎర్ర పొరకి ఎరుపు తెల్లకాయితంలా అవుపిస్తాది పిన్నీ. ఇది ఒక్కటీ ఉంచుకుని మిగతా రెండూ పారీ. శుభ్రమైన నలుపు తెలుపు ఒచ్చీసినట్టే. తరవాత మళ్ళీ రంగు మోడ్‌కి మార్సుకుని, కొత్త లేయర్ మీద ఎర్రబొట్టు ఎట్టుకో" అని చెప్పి, పాస్‌పోర్టు ఫోటోకి ఎవరో వస్తే ముందు గదిలోకి వెళ్ళింది.

వరహాలు ఆ మొహాన్ని మొదటిసారి చూసింది. ఎంత చిన్న పిల్ల! పద్దెనిమిది దాటి ఉండదు. చెవులకి చిన్న దిద్దులు. కుడి కనుబొమ మీంచి నుదుటి మధ్యకి వాలుగా ఒక గాటు. మొదట నెగటివ్ మీద పడిన గీత అనుకుంది. నెగటివ్ మీద గీతయితే చర్మం దాకా వచ్చి ఆగదు, జుట్టులోంచీ తెరలోంచీ తిన్నగా పోతుంది. ఇది కనుబొమ దగ్గర మొదలై నుదుట్లోనే ముగిసింది. రెండు పక్కలా కుట్లు వేసిన చుక్కలు. చర్మం ముడుచుకున్న చోట వెలుతురు పట్టింది.

వరహాలు చెయ్యి తన తల మీదికి తనే వెళ్ళింది. కుడి పక్కే, జుట్టులోకి. జగ్గారావుది ఎడమ చేతివాటం. ప్రింటు నల్లబడిందని ఒక రోజు చీకటి గదిలో కొట్టాడు, చేతిలో ఫిల్ము ఆరేసే ఇనప క్లిప్పు ఉంది. ఆ వారమంతా వరహాలు అందరితోనూ చీకట్లో చూసుకోలేదనే చెప్పింది. పక్కనే ఉన్న అత్త "సీకటి గదిలో పని, తగులుతుంటాయి" అని అందుకుంది. ఎంత సులువుగా అందో ఇప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు చెప్పి అలవాటైన మాట గనకే అంత సులువుగా వచ్చింది.

బొమ్మని పెద్దది చేసుకుని, టచింగ్ చేసే మనిషి చూసినట్టు అంగుళం అంగుళం చూసింది. బుగ్గ మీద మొటిమ పూడ్చి ఉంది. పెన్సిల్ పోటు దుమ్ము రాలినంత సన్నగా ఉంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, చేసినట్టే తెలియదు. మెడ మీద మచ్చ పూడ్చి ఉంది. కళ్ళ కింద నీడ పల్చబరిచి ఉంది. గాటు దగ్గరికొచ్చి పెన్సిల్ ఆగింది. మరిచిపోవడానికి వీల్లేదు, నెగటివ్‌లో కన్ను మొదట పడేది దాని మీదే. ఊళ్ళో వాళ్ళ మచ్చలన్నీ మాయం చేసిన పిల్ల తన మొహం చేతికొచ్చినప్పుడు అన్నీ సరిచేసుకుని, అదొక్కటీ చూసి, ఉంచేసింది. ఎవరైనా చూస్తారని ఉంచింది. అందరూ చూసే చోట ఉంచింది. దాని మీద ఈ ఇల్లు కుంకుమ పూసింది. పూసిన వేలు తనది.

మధ్యాహ్నం ఒక ప్రింటు తీసుకుని పైకి వెళ్ళింది. నారాయణమ్మ దాన్ని కిటికీ దగ్గర దూరంగా పట్టుకుని చూసింది.

"బొట్టేదే?"

"తీసినాను."

"నిన్నెవలు తియ్యమన్నారు?"

"అక్కకి ఏటి తగిలింది, అత్తా?"

"సీకటి గదిలో..." అని మొదలుపెట్టి ముసలామె ఆగింది. "జొరంతో పోయింది. దీనికీ దానికీ సమ్మందవు నేదు" అంది.

"ఎలాగ పోయిందని నానడగనేదు అత్తా."

నారాయణమ్మ ప్రింటుని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. "బతికున్నన్నాల్లూ అదే సెప్పుకునీది, సీకట్లో తగిలిందని. పోయినాక పటం గోడెక్కింది. ఒచ్చినోలల్లా ఏటది, నుదుట ఏటది అని అడిగీవోరు. కన్న కొడుకుని పట్టుకుని ఏటి సెప్పీది? అప్పటికి మీ మావ ఉన్నాడు, నాకు పసుపు కుంకం ఉన్నాది. బొట్టు పెద్దది సేసినాను." ఆమె కళ్ళు వరహాలు పాపిటకి కుడి పక్కగా ఒక్క క్షణం నిలిచి, కిందికి దిగాయి. "తుడిసీ, వరాలూ. నీకు సేతవును గదా. కొత్త ఫోటోలో నున్నగా సేసీ."

వరహాలు గుమ్మం వైపు తిరిగింది. మెట్లు దిగబోతుంటే వెనకనుంచి మళ్ళీ గొంతు వినిపించింది. "ఆ పాత కాయితం అనూరాధ సేతికియ్యకు. నీ పెట్టిలో ఎట్టుకో."

తుడవడం కష్టం కాదు. పక్కనున్న మంచి చర్మం తీసుకుని గాటు మీద అద్దుకుంటూ పోతే కాసేపట్లో పోతుంది. వరహాలు ఆ పని మొదలుపెట్టలేదు. ముందు ఇద్దరినీ రెండు పొరల మీద పెట్టింది. జగ్గారావు కుర్చీలో, కోటులో ఉన్నాడు. సూర్యకాంతాన్ని మౌస్‌తో పట్టుకుని జరుపుతూ వచ్చింది. భార్య భర్తకి ఎడమ పక్క కూర్చోవాలి. పెళ్ళి పీటల దగ్గర్నుంచీ అంతే. ఎడమ పక్కకి జరిపింది. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ మీంచి ఆ పిల్ల వైపు వేలాడుతోంది. తను చూసిన వేలకొద్దీ జంట ఫోటోల్లో ఎన్నడూ కనపడనిది ఇప్పుడు కనపడింది. ఆ చెయ్యి ఎంత దగ్గర!

సాయంత్రం గురునాథరావు వచ్చేసరికి తెర మీద జగ్గారావు ఒక్కడే ఉన్నాడు.

"జంట ఏదొదినా? రేపు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టాల."

"జంట నేదు."

"నేదంటే? కలపడం రానేదా? సుధారాణిని అడక్కపోయావా?"

"వొచ్చు. కలపను."

గురునాథరావు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. అతనికి తెలిసిన ఒక్క కారణమూ పట్టుకుని, మెత్తగా మాట్లాడాడు. "నాకు తెలుసొదినా. నీకు బాధుంటాది. నిన్నొగ్గేసినామని. సరే, ఓ పని సెయ్. నువ్వూ ఉండు. అన్నయ్య మద్దిన, మీరిద్దరూ సెరో పక్క. అమ్మతో నాను సెప్తాను. దండ నీ దాకా రాకుండా సిన్నది ఏద్దాం."

వరహాలు అతన్ని చూసింది. ఇది నిన్న అని ఉంటే అతని కాళ్ళకి దణ్ణం పెట్టేది.

"నన్నూ ఎట్టొద్దు. ఆ గుంటనీ ఎట్టొద్దు" అంది. "దాన్ని మళ్ళీ ఆయన పక్కన నా సేతుల్తో కూకోబెట్టను."

"పిచ్చేటొదినా నీకు? పేరంటాలు లేకుండా..."

"పాత ఫోటో నా పెట్టిలో ఉంది. ఇయ్యను. అడగాలంటే అత్తనడుగు."

అతను విసురుగా లేచి మెట్లెక్కాడు. పైన మాటలు లేచి, తగ్గి, ఆగిపోయాయి. దిగి వచ్చినప్పుడు అతని మొహంలో కోపం కన్నా అర్థం కానితనమే ఎక్కువ ఉంది. "అమ్మ నోరిప్పదు. మీ ఆడోల్ల గొడవ మీకే తెలియాల" అన్నాడు. చట్రం ముందే చేయించి పెట్టాడు, ఇద్దరికని. వరహాలు దాని కొలతకే ప్రింటు తీసింది.

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు, మిఠాయి పంచారు. కౌంటర్ పైన, ఇద్దరికి సరిపోయేంత వెడల్పు చట్రంలో, ఓ కొసన కుర్చీ వేసుకుని జగ్గారావు ఒక్కడే కూర్చున్నాడు. పక్కన ఉత్త బూడిదరంగు తెర. వచ్చిన వాళ్ళు చూసి, ఇక్కడ ఇంకెవరో ఉండాలి కదా అని అడిగారు. వరహాలు పెట్టె పట్టుకుని వాళ్ళ మధ్యలోంచి బయటికి నడిచింది.

వరహాలు, యాభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు అచ్యుతాపురంలో ఉంటున్నాను. ఫ్యాక్టరీలకి వెళ్ళే ఆడపిల్లలకి పాసు ఫోటోలు తీస్తాను. మచ్చలు ఉంచాలా, తియ్యాలా అని వాళ్ళనే అడుగుతాను.